నడవని రైలెక్కిన బామ్మర్ది

లింబాయత్, సూరత్
8 ఫిబ్రవరి 2021

బావా,

లక్ష్మీరాజం రాస్తున్నాను. నా రాత కోడి గీకినట్టు ఉంటుందని సిరిసిల్లంతా చెప్పుకు తిరుగుతున్నావట. కోడి గీకిన చోట గింజైనా దొరుకుతుంది. నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఏం దొరుకుతుందో నాకు ఇప్పటిదాకా తెలియలేదు. బడి మానేసి మగ్గం గుంటలో కూర్చున్నవాణ్ణి. ఒత్తులు తప్పితే నువ్వే సర్దుకో.

ఫోన్ చేయొచ్చు కదా అని అక్క అడిగిందట. సాంచెల చప్పుడుకు, ఆ మరమగ్గాల మోతకు, ఇద్దరి చెవులూ పోయాయి. నువ్వు అరుస్తావు, నేను అరుస్తాను, వాడకట్టంతా వింటుంది, మనకు మాత్రం ఏమీ వినబడదు. మొన్న నా మనవరాలు సింధూజ వీడియో పెడితే ఏమైంది. మాట మధ్యలో తెగిపోతోందని నువ్వు చెయ్యి పైకెత్తి వేళ్లు రెండుసార్లు విప్పి మూశావు. కార్ఖానాలో ఆ సైగకు ఒకటే అర్థం, పోగు తెగింది, సాంచె ఆపు అని. జన్మంతా చేసిన పని కదా, చూడగానే నా చెయ్యి హ్యాండిల్ కోసం పోయింది. ఫ్యాన్ స్విచ్ దొరికింది. ఆపేశాను. సింధూజ ఇంకా నవ్వుతూనే ఉంది. అందుకే ఉత్తరం నయం.

అసలు సంగతికి వస్తాను. కరీంనగర్ మానేరు డ్యాంలో బోటెక్కానని, అలలు సముద్రంలా ఉన్నాయని గొప్పలు రాశావు. నేను నిన్ననే బిలిమోరా నుంచి వఘాయి పోయే చిన్న రైలెక్కి వచ్చాను. డాంగు అడవుల టేకు మోయడానికి గాయక్వాడ్ మహారాజు వేయించిన రైలు అది. పట్టాల మధ్య వెడల్పు మన చీర పన్నా కంటే తక్కువ. చీర పరిస్తే రెండు అంచులూ అటూ ఇటూ కిందికి వేలాడతాయి. గండేవి దగ్గర సపోటా తోటల్లో నుంచి పోతుంది. ఎంత నిదానమంటే నేను దిగి, పని కానిచ్చి, మళ్లీ అదే పెట్టె ఎక్కాను. ఉనాయిలో వేడినీళ్ల గుండం ఉంది. కాళ్లు పెడితే మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో తెలియదు. వఘాయి దాటాక గీరా జలపాతం. నీళ్లు ఏనుగుల మందలా దూకుతున్నాయి. దూరంగా నిలబడ్డా నా ధోతి తడిసి ముద్దయింది. అక్కడే ఒక వెదురు బుట్ట కొన్నాను.

బోటు నీది, రైలు నాది. ఏది గొప్పో నువ్వే తేల్చుకో.

లక్ష్మీరాజం


సిరిసిల్ల
20 ఫిబ్రవరి 2021

బామ్మర్ది లక్ష్మీరాజానికి నరహరి బావ ఆశీర్వాదాలు, నువ్వు వాటికి తగినవాడివి కాకపోయినా.

నీ రైలు ముచ్చట మీ అక్కకు చదివి వినిపించాను. ఆమె సంబరపడి వెంటనే మీ కోడలు పద్మారాణికి ఫోన్ చేసింది. పద్మారాణి ఏమన్నదో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మామ యాడికి పోయిండు అత్తమ్మా, గల్లీ చివర చాయ్ బండి కాడికి పోతెనే మాస్కు మర్చిపోయి మళ్లొస్తడు. ఏడాది సంది గదే ఆయన తీర్థయాత్ర."

నేను నమ్మలేదు. మా బామ్మర్ది అబద్ధాలాడడు, ఆడేంత తెలివి వాడికి లేదు అని మీ అక్కతో అన్నాను. ఆమెకు కోపం వచ్చింది, నా మీద.

కొన్ని చిన్న సందేహాలు. రైలు రంగేమిటి. ఎండలు ముదిరే ఫిబ్రవరిలో ఏనుగుల మంద లాంటి నీళ్లు ఎక్కడివి. ఇక్కడ మా వాగు ఇప్పటికే ఇసుకైపోయింది. ఆ వెదురు బుట్ట పోస్టులో పంపగలవా. మీ అక్క ఉల్లిగడ్డలు పోసుకుంటానంటోంది.

ఉల్లిగడ్డలతో ఎదురుచూస్తూ,
నరహరి


లింబాయత్
15 మార్చి 2021

బావా,

పద్మారాణికి తెలిసేది నేను చెప్పినంతే. ఆ రోజు మంగలి దగ్గరికి పోతున్నానని చెప్పి వెళ్లాను. పొద్దున పోయి చీకటి పడ్డాక, పెరిగిన జుట్టుతోనే తిరిగొచ్చాను. ఆమె గమనించనే లేదు. అలాంటి మనిషి సాక్ష్యం నీకు గొప్పైంది.

రైలు రంగు దుమ్ము రంగు. దుమ్ము కింద ఏ రంగుందో నేను తుడిచి చూడలేదు. నీళ్లు నీ వాగులో లేకపోతే ప్రపంచంలో ఎక్కడా ఉండవా. బుట్ట నీకే పంపుదామనుకున్నాను. వఘాయి స్టేషనులో కోతి ఎత్తుకుపోయింది. కోతిని పట్టుకుని నీకు పోస్టు చేయమంటావా.

నమ్మకం లేకపోతే అక్కను తీసుకుని రా. నేనే టికెట్ తీసి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తాను.

ఇక్కడ మళ్లీ ఆ రోగం ముదురుతోంది. పద్మారాణి పొద్దున్నా సాయంత్రమూ మిరియాల కషాయం పోస్తోంది. తాగనంటే "అత్తమ్మకు ఫోన్ చేస్త మామా" అంటుంది. నన్ను బెదిరించడానికి అందరికీ మా అక్కే దొరికింది. నువ్వు బయట తిరగకు. గుట్కా మానెయ్.

లక్ష్మీరాజం


సిరిసిల్ల
22 జూన్ 2021

శ్రీ లక్ష్మీరాజం గారికి,
నరహరి నమస్కరించి రాయడమేమనగా,

మీరు, మీ కొడుకు కోడలు, చిరంజీవి సింధూజ క్షేమమని తలుస్తాను. నాకు జ్వరం వచ్చి కరీంనగర్ దవాఖానాలో ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ప్రాణంతో ఇంటికి వచ్చాను. ఊపిరితిత్తులు సగం పోయాయన్నారు. మంచం మీద నుంచి వాకిలి కనిపిస్తుంది. అంత దూరం చాలు.

రైలు విషయంలో మిమ్మల్ని అనుమానించి వెటకారంగా రాశాను. మన్నించండి. మీరు ఎక్కే ఉంటారు. నీళ్లు కూడా మీరు చెప్పినట్టే ఉండి ఉంటాయి. వాటిని చూసే రాత నాకు లేదు.

మీ అక్క భాగీరథికి నా తర్వాత మీరే దిక్కు. ఇంతకంటే రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇట్లు,
నరహరి


లింబాయత్
1 జూలై 2021

బావా,

గారు అంట. మీరు అంట. మన్నించండంట. ఎవరికి రాశావు ఆ ఉత్తరం. పోస్టుమ్యాన్ నా చేతిలో పెడితే, ఇది నాది కాదు, ఎవరో పెద్దమనిషిది అని వెనక్కి ఇవ్వబోయాను. అక్క పెళ్లైన నాటి నుంచి నన్ను కోతి అన్నావు, గాడిద అన్నావు, నా పెళ్లిలో నా మామ ముందే వెర్రోడు అన్నావు. అన్నీ భరించాను. ఈ గారును మాత్రం భరించను.

అక్క పద్మారాణితో ఫోన్‌లో ఏడ్చిందట. "తినుమంటె గోడ దిక్కు తిరుగుతుండు. జర నడువుమని డాక్టరు చెప్పిండు, మంచం దిగుతలేడు. గిట్లనే ఉంటె ఉన్న ఊపిరి గూడ పోతదట" అని. నాకు అన్నీ తెలుసు. ఊపిరి సగం పోతే మిగతా సగం ఎందుకు పెట్టుకున్నావు, గోడకు ఊదడానికా.

సరే. నువ్వు నా మాట ఒప్పుకున్నావు కాబట్టి ఇంకో సంగతి చెబుతాను, అదీ ఒప్పుకో. మొన్న మళ్లీ ఆ రైలెక్కాను. అడవి మధ్యలో చిరుతపులి ఒకటి మా పెట్టెలోకి ఎక్కింది. నా పక్కన ఖాళీ ఉంటే కూర్చుంది. నేను అటుకులు పెడితే తిన్నది. వఘాయిలో దిగి తన దారిన తాను పోయింది. నీకంటే మర్యాద తెలిసిన జంతువు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. లింబాయత్‌లో మనవాళ్లు కనబడితే చాలు, "సూడుండ్రి, మా బావ ఒప్పుకున్నడు, మన్నించుమన్నడు" అని చూపిస్తున్నాను. బ్రహ్మచారి అని మన సిరిసిల్లవాడే ఒకడున్నాడు కదా, వాడైతే పెద్దగా చదివాడు, చాయ్ బండి దగ్గర అందరూ విన్నారు. ఇది తప్పంటే వచ్చి నా ముఖం మీద చెప్పు. ఉత్తరంలో చెబితే చెల్లదు.

లక్ష్మీరాజం
(గారు కాదు)


సిరిసిల్ల
10 ఆగస్టు 2021

ఒరేయ్ లక్ష్మీరాజం,

చిరుతపులికి నువ్వు టికెట్ తీశావా, నీకు అది తీసిందా.

మా వెనక గల్లీ దశరథం కొడుకు రైల్వేలో గుమాస్తా. వాడు అంతా కనుక్కుని చెప్పాడు. "బిలిమోరా బండి పోయిన ఏడు మార్చిల లాక్‌డౌన్ పెట్టిన కాడికెల్లి నడుస్తలేదు పెద్దనాయినా. కాయం బంద్ జేద్దామని గూడ అనుకున్నరట" అన్నాడు. అంటే ఫిబ్రవరిలో నువ్వు ఎక్కింది నడవని రైలు. దిగి పని కానిచ్చి మళ్లీ అదే పెట్టె ఎక్కానన్నావు చూడు, ఆ ఒక్కటే నమ్మాను. ఆగి ఉన్న రైలు ఎవరైనా ఎక్కగలరు.

ఇది తెలుసుకోవడానికి దశరథం ఇంటిదాకా నేనే నడిచాను. దారిలో ఎవరి అరుగు కనిపిస్తే వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. బాలవ్వ అరుగు మీద మజ్జిగ కూడా తాగాను. నీ కోసం నడిచాననుకోకు. నిజం కోసం నడిచాను.

ఆ గారు ఉత్తరం జ్వరం మత్తులో రాసింది. చించెయ్. బ్రహ్మచారికి కూడా చెప్పు.

నరహరి

తా.క. మీ అక్క ఇది చూసి, కొట్లాటకు బలమొచ్చింది, బువ్వకు రాదా అని కంచం నా ముందు పెట్టింది. తిన్నాను.


లింబాయత్
12 సెప్టెంబర్ 2021

బావా,

రైలు ఆగింది ప్రజలకు. నాకు ఆగిందని ఎవరన్నారు.

ఆ గుమాస్తాను ఇప్పుడు అడుగు. ఈ నెల నాలుగో తారీకు నుంచి బండి మళ్లీ నడుస్తోంది. పెద్ద పెద్ద అద్దాల కిటికీలతో ఏసీ పెట్టె కూడా ఒకటి తగిలించారు. కాయంగా బంద్ చేస్తారన్నారు కదా, ఎందుకు చేయలేదు. నేను లింబాయత్ నుంచి అంత గట్టిగా చెబుతుంటే వాళ్లకు సిగ్గేసి ఉంటుంది.

ఇక నీకు సాకు లేదు. వానలు పోయి చలి మొదలు కాగానే అక్కను తీసుకుని రా. రెండు సూదులూ వేయించుకున్న కాగితం తెచ్చుకో, లేకపోతే స్టేషనులో ముక్కులో పుల్ల పెడతారు. అప్పటిదాకా రోజూ దశరథం ఇంటిదాకా నడువు, తర్వాత నేత బజారు దాకా నడువు. గీరా దగ్గర దిగడానికి మెట్లున్నాయి. నిన్ను ఎత్తుకుని దింపేవాళ్లు ఎవరూ లేరు.

అక్కను సకినాలు తెమ్మను. నువ్వు తినేసి మిగిలినవి కాదు, కొత్తవి.

లక్ష్మీరాజం


సిరిసిల్ల
27 డిసెంబర్ 2021

బామ్మర్దీ,

మేము క్షేమంగా చేరాము. నీ కాలి కట్టు ఎలా ఉంది. ఇక్కడ అందరూ యాత్ర ముచ్చట్లు అడుగుతున్నారు. నేను ఏం చెబుతున్నానో నీకూ తెలియాలి కదా, అందుకే రాస్తున్నాను.

ఏడాదిలో రెండుసార్లు ఆ రైలెక్కిన మా బామ్మర్ది బిలిమోరాలో దిగగానే సింధూజ చెవిలో "గిది ఏ దిక్కు పోతదే బిడ్డా" అని అడిగాడని చెబుతున్నాను. చెవిలోనే అడిగావు, కానీ చెవుడున్నవాళ్ల గుసగుస ప్లాట్‌ఫారమంతా వినిపిస్తుంది. గండేవిలో మామిడి చెట్లను చూపించి సపోటాలన్నావని కూడా చెబుతున్నాను.

ఉనాయి దగ్గర నేను గాలి కోసం దిగాను. ఈల వేశారు. మన పెట్టె దూరం, నా ఊపిరి కురచ. అందుకే ఎదురుగా ఉన్న ఆఖరి పెట్టె ఎక్కేశాను. మలుపు తిరుగుతుంటే తలుపు దగ్గర నిలబడి చూస్తే, నీ తల కిటికీ బయట ఉంది. నేను ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాననుకుని వెనక్కి చూస్తూ, చచ్చినవాడి కోసం చూసినట్టు చూస్తున్నావు. నీ మాస్కు తాడు ఒకటి తెగి జెండాలా ఎగురుతోంది. అరిచి చెబితే నీకు వినబడదు. అందుకని చెయ్యెత్తి, వేళ్లు రెండుసార్లు విప్పి మూశాను. తాడు తెగింది, చూసుకో అని. అంతే.

నువ్వు చైను లాగావు.

ఆ గార్డు నీ దగ్గరికి ఉరికొచ్చి "చైన్ కేమ్ ఖేంచీ", చైను ఎందుకు లాగావు, అంటే నువ్వు ఛాతీ విరుచుకుని "దోరో తూటీ గయో", దారం తెగింది, అన్నావట. పాపం అతను వంగి బండి కిందంతా దారం కోసం వెతికాడని సింధూజ చెప్పింది. అతను వెతుకుతుండగా, ఆ చెయ్యి ఏ పెట్టెలోదో తెలియక నువ్వు నా కోసం కిందికి దూకావు. కంకర మీద కాలు మడతపడింది. నేను వచ్చేసరికి పడుకునే నన్ను తిడుతున్నావు, "యాడ సచ్చినవ్ బావా" అని. గార్డు ముందు కోప్పడ్డాడు, తర్వాత నీ మాస్కు చూసి నవ్వాడు, ఆ తర్వాత జీపు పిలిచి దవాఖానాకు పంపాడు. మంచివాడు.

కాబట్టి గీరా జలపాతం నేను చూడలేదు, మీ అక్క చూడలేదు, నువ్వూ చూడలేదు. చూశానంటావా.

నరహరి


లింబాయత్
20 జనవరి 2022

శ్రీ నరహరి గారికి,
లక్ష్మీరాజం నమస్కారాలు.

మీరు, అక్క క్షేమమని తలుస్తాను. నా కాలి ఎముక అతకడం ఆలస్యమవుతుందని డాక్టరు చెప్పాడు. ఇక్కడ మళ్లీ అందరికీ జలుబు, జ్వరం. చాయ్ బండి మూసేశారు. మూయకపోయినా నేను పోలేను. దొడ్డికి పోవాలన్నా పద్మారాణి భుజం పట్టుకోవాలి. కోడలి భుజం పట్టుకుని నడిచే బతుకు వస్తుందని అనుకోలేదు. ఆమె ఏమీ అనదు. అంటే బాగుండేది.

సింధూజ కర్ర తెచ్చి ఇచ్చింది. మూలన పెట్టించాను. ఇక దానితో పనేముంది.

మీరన్నది నిజమే. ఫిబ్రవరిలో నేను ఆ రైలెక్కలేదు. చిరుతపులి కూడా లేదు. ఇక నా నుంచి ముచ్చట్లు రావు.

ఇట్లు,
లక్ష్మీరాజం


సిరిసిల్ల
8 ఫిబ్రవరి 2022

శ్రీశ్రీశ్రీ లక్ష్మీరాజం గారికి,

మీ ఉత్తరం చదివి భయపడ్డాను. కాలు విరిగిందంటే భయపడలేదు. నువ్వు నిజం చెప్పావు చూడు, అప్పుడు తెలిసింది నీ ఒంట్లో ఏమీ బాగా లేదని. మీ అక్క అయితే "వీడు గిట్ల ఒప్పుకున్నడంటె లోపల ఏదో పాడైంది" అని అప్పుడే ముడుపు కట్టింది.

సరే, మీరు విశ్రాంతి తీసుకోండి. నా ముచ్చట చెబుతాను. మొన్న షోలాపూర్‌లో మా మేనకోడలు సంధ్యారాణి ఇంటికి వెళ్లాం, అక్కడి నుంచి నేరల్ పోయి మాథేరాన్ కొండ చిన్న రైలెక్కాను. కింది నుంచి పై దాకా. మీ వఘాయి రైలు దీని ముందు బొంగరం. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మలుపు తిరిగినప్పుడు మన రైలు తోక మనకే కనబడుతుంది. డ్రైవరు మన పద్మశాలీల పిల్లవాడే. సిరిసిల్ల అనగానే లేచి, "కాకా, ఈ మలుపు నువ్వు తిప్పు" అని నన్ను కూర్చోబెట్టాడు. తిప్పాను. పైన అంతా ఎర్రమట్టి, గుర్రాలు. నేను గుర్రం కూడా ఎక్కాను. దిగుతానంటే గుర్రమే ఒప్పుకోలేదు.

ఇవన్నీ మీరు చూడలేరు కాబట్టి రాశాను. మీకేం, గోడ ఉంది, చూసుకోండి. కర్ర మూలనే ఉండనివ్వండి, చెదలు పట్టకుండా చూసుకుంటే చాలు.

గారూ అని పిలిచే భాగ్యం కలిగించినందుకు,
నరహరి


లింబాయత్
6 మార్చి 2022

ఏయ్ బావా,

గుర్రం ఒప్పుకోలేదంట. నీ బరువుకు దానికి నోరు రాలేదేమో.

నిన్న ఉధనా స్టేషనుకు పోయి వచ్చాను. బయటిదాకా ఆటో, లోపల నా కాళ్లు, సింధూజ కర్ర. పద్మారాణి వెనకే వచ్చింది, "జర మెల్లగ మామా, బండి ఏం పోతలేదు" అంటూ. భుజం ఇవ్వబోతే వద్దన్నాను. ఎంక్వైరీలో ఆ బాబు అంతా చూసి చెప్పాడు. నేరల్ నుంచి పోయే దారి 2019 వానల్లో కొట్టుకుపోయింది. ఇంకా బాగు చేస్తూనే ఉన్నారు. కొండ మీద కాస్త ముక్క మాత్రం నడుస్తోంది. నువ్వు మలుపు తిప్పానన్న చోట పట్టాలే లేవు. నేను కనీసం పట్టాలున్న రైలెక్కాను.

ఇంకొకటి. ఫిబ్రవరిలో ఎక్కలేదని రాసింది నొప్పి మాత్రల మత్తులో. ఎక్కాను. చిరుతపులి కూడా ఎక్కింది. ఆ ఉత్తరం చించెయ్. దశరథానికి చూపించి ఉంటే వాడికీ చెప్పు.

నేరల్ దారి ఎప్పుడు తెరిస్తే అప్పుడు బయలుదేరి రా. ఇద్దరం ఎక్కుదాం, నీ డ్రైవరును నాకు చూపించు. దానికంటే ముందు వానలు పడగానే వఘాయి పోవాలి. గీరా ఏనుగుల మందలా దూకుతుందని నేను చెప్పిన మాట అక్క ముందు రుజువు కావాలి. అక్కను నాకు కొత్త మాస్కులు కుట్టి తెమ్మను, తాళ్లు రెండు వరసలు వేసి.

మళ్లీ వేరే పెట్టె ఎక్కితే మాత్రం ఊరికే చెయ్యెత్తకు. ఎత్తావా, నా చెయ్యి మళ్లీ చైను మీదికే పోతుంది. దానికి వేరే పని రాదు.

లక్ష్మీరాజం